ఉత్తరం మీది పేరు నిజమేనా?

1984వ సంవత్సరం ఆగస్టు 3వ తేదీ ఉదయం 10 గంటల 14 నిమిషాలకు జర్మనీలోని కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ఒక చిన్న ఉత్తరం చేరింది. అమెరికాలోని విశ్వవిద్యాలయాల కంప్యూటర్లను కలిపే సి.ఎస్.నెట్ అనే వ్యవస్థ తరఫున లారా బ్రీడెన్ అనే ఆమె ముందురోజు పంపిన స్వాగత సందేశమది. అందుకొన్నవారు మిఖాయెల్ రోటెర్ట్. దాని ప్రతి ఆచార్య వెర్నర్ ట్సోర్న్‌కు కూడా అందింది. జర్మనీకి ఇంటర్నెట్టు పద్ధతిలో వచ్చిన తొలి ఈ-మెయిలుగా చరిత్రకారులు దీనినే పేర్కొంటారు.

ఆ ఉత్తరం లారా బ్రీడెన్ వద్దనుండే వచ్చిందని రోటెర్ట్‌కు ఎట్లా తెలిసింది? పైన ఆమె పేరు ఉన్నది కనుక. అంతకు మించిన ఋజువు ఆ ఉత్తరంలో లేదు. అప్పటికి అవసరమూ లేదు. ఆ వ్యవస్థలో ఉన్న కొద్ది విద్యాలయాలవారు ఒకరికొకరు తెలిసినవారే. ఊళ్ళో అందరికీ అందరూ తెలిసినప్పుడు తలుపుకు గడియ అక్కరలేదు.

నలభై ఏళ్ళు గడిచాయి. ఈనాడు జర్మనీలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి బ్యాంకు నుండి, ఆరోగ్య బీమా సంస్థ నుండి, పిల్లల బడి నుండి, ఇంటి యజమాని నుండి, పార్సెల్ తెచ్చే సంస్థ నుండి ఉత్తరాలు అదే దారిన వస్తున్నాయి. వాటితోపాటు వారి పేర్లు పెట్టుకొన్న దొంగ ఉత్తరాలూ వస్తున్నాయి. మీ ఖాతా స్తంభింపజేయబడినది, మీ నివాస అనుమతి పత్రంలో లోపమున్నది, ఈ లంకె నొక్కి వివరాలు ఇవ్వండి అని అవి తొందరపెడతాయి. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఇటువంటి ఉత్తరం ఒకటి చాలు, నెలల పొదుపు ఒక్క పూటలో పోవడానికి.

ఈ ప్రమాదాన్ని ఎదుర్కొనడానికి ఇంజనీర్లు కల్పించిన ఏర్పాటే ఈ-మెయిలు ప్రామాణీకరణ. అది ఏమి చేస్తుంది, ఏమి చేయదు, దాన్ని రూపొందించేవారు చదువరిని గురించి ఏమి ఊహించకూడదు అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

కవరు వేరు, కాగితం వేరు

ఈ-మెయిలు రవాణాకు ఆధారమైన ఎస్.ఎం.టి.పి. నియమావళిని జోనథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ప్రకటించారు. తరువాత ఎన్నో సవరణలు జరిగినా దాని మూలసూత్రం మారలేదు. ఆ సూత్రం తపాలా ఉత్తరం వంటిదే. ఉత్తరానికి బయట కవరు ఉంటుంది, లోపల కాగితం ఉంటుంది. కవరు మీది చిరునామాను రవాణా చేసే కంప్యూటర్లు, అనగా సర్వర్లు, చూస్తాయి. కాగితం పైభాగాన ఉన్న పేరును చదువరి చూస్తాడు. ఈ రెండూ ఒకటే కావాలన్న నియమం 1982లో లేదు. పంపేవాడు కాగితం మీద ఏ పేరు వ్రాసినా సర్వర్లు అభ్యంతరం చెప్పవు. మాచవరంలో కూర్చుని ఉత్తరం వ్రాసి అడుగున కలెక్టరుగారి పేరు పెట్టి డబ్బాలో వేస్తే టపా బంట్రోతు ఆపుతాడా? ఇదీ అంతే.

ఆనాటి నియమాలలో మరొక ఊహ కూడా ఇమిడి ఉన్నది. ఉత్తరాలు వ్రాసేవారందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే వ్రాస్తారన్నదే ఆ ఊహ. అందువలన జర్మనులు తమ రెండు చుక్కల అక్షరాలను విడగొట్టి రెండేసి ఇంగ్లీషు అక్షరాలుగా వ్రాసుకోవలసి వచ్చింది. తెలుగువారి పని ఇంకా కష్టమైంది. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతిని కల్పించగా, ప్రవాసాంధ్రులు ఏళ్ళ తరబడి రోమను లిపిలోనే తెలుగు ఉత్తరాలు, పద్యాలు పంపుకొన్నారు. ఇతర లిపులకు దారి చూపిన మైమ్ నియమాలు 1992లో వచ్చాయి. చిరునామాలను కూడా ఇతర లిపులలో వ్రాయడానికి వీలు కల్పించిన నియమం 2012లో వచ్చింది. వాడుకరిని గురించి ఒక్క ఊహ తప్పితే దానిని సరిచేయడానికి ఎన్ని సంవత్సరాలు పడుతుందో చెప్పడానికి ఇది మొదటి ఉదాహరణ.

మూడు కాపలాలు

మోసపు పేర్లను పట్టడానికి మూడు పద్ధతులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మూడూ ఒకే మాట చుట్టూ తిరుగుతాయి. ఆ మాట డొమైన్. చిరునామాలో 'ఎట్' గుర్తు తరువాత వచ్చే భాగమే డొమైన్. వ్యక్తి పేరు ఇంటి లోపలి మనిషి అయితే, డొమైన్ ఇంటి పేరు వంటిది.

మొదటిది ఎస్.పి.ఎఫ్. దీని నియమాలు 2006లో ప్రయోగాత్మకంగా, 2014లో స్థిరరూపంలో వెలువడ్డాయి. డొమైన్ యజమాని తన ఉత్తరాలు మోయడానికి అధికారమున్న సర్వర్ల జాబితాను ఇంటర్నెట్టులోని బహిరంగ చిరునామా పుస్తకంలో ప్రకటిస్తాడు. ఉత్తరం అందుకొనే సర్వరు, వచ్చిన బంట్రోతు ఆ జాబితాలో ఉన్నాడా అని చూస్తుంది. అయితే ఇది పరీక్షించేది కవరు మీది డొమైనును మాత్రమే.

రెండవది డి.కె.ఐ.ఎం. యాహూ సంస్థ, సిస్కో సంస్థ వేర్వేరుగా చేసిన రెండు ప్రయత్నాలను కలిపి 2007లో దీనిని ప్రమాణంగా ప్రకటించారు. ఇది పూర్వకాలపు లక్క ముద్ర వంటిది. ముద్ర వేసే ఉంగరం, అనగా రహస్య సంఖ్య, పంపే సంస్థ సర్వరు వద్ద భద్రంగా ఉంటుంది. ముద్ర నిజమైనదో కాదో సరిచూడడానికి కావలసిన వేరొక సంఖ్య అందరికీ కనబడేటట్లు చిరునామా పుస్తకంలో ఉంటుంది. రెండవ సంఖ్య తెలిసినంత మాత్రాన మొదటిదానిని కనుగొనడం ఆచరణలో సాధ్యం కాదు. ఉత్తరంలో ముద్ర పడిన భాగంలో ఒక్క అక్షరం మారినా ముద్ర చెడుతుంది.

మూడవది డీమార్క్. 2012లో పెద్ద సంస్థలు కలిసి దీనిని ప్రకటించగా, 2015లో నియమావళిగా అచ్చయింది. మొదటి రెండు పరీక్షలలో కనీసం ఒకటైనా నెగ్గాలి, నెగ్గిన డొమైన్ చదువరి కంటికి కనబడే చిరునామాలోని డొమైనుతో సరిపోవాలి అన్నది దీని షరతు. సరిపోకపోతే ఏమి చేయాలో కూడా డొమైన్ యజమానియే ముందుగా చెబుతాడు. ఏమీ చేయక నివేదిక మాత్రం పంపమనవచ్చు, అనుమానపు పెట్టెలో వేయమనవచ్చు, లేదా వాకిట్లోనే త్రిప్పిపంపమనవచ్చు. కవరుకు, కాగితానికి ముడి వేసినది ఈ మూడవ కాపలాయే.

లక్ష్యం ఎంతవరకు?

ఈ మూడు కాపలాలు దాటి వచ్చిన ఉత్తరం గురించి చెప్పగలిగినది ఒక్కటే. ఇది ఫలానా డొమైన్ అనుమతితో వచ్చింది, దీనికి ఆ డొమైన్ జవాబుదారీ. అంతకు మించి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పరాదు.

ఉత్తరంలోని సంగతి నిజమని దీని అర్థం కాదు. దొంగ కూడా బ్యాంకు పేరును పోలిన కొత్త డొమైన్ కొనుక్కొని, దానికి మూడు కాపలాలూ చక్కగా పెట్టుకోవచ్చు. జర్మనీ డొమైన్లలో ఈ చిక్కు మరికొంత ఎక్కువ. 2004 మార్చి 1వ తేదీ నుండి అక్కడి డొమైన్ పేర్లలో చుక్కల అక్షరాలను అనుమతించారు. దానితో మ్యుల్లర్ అనే ఇంటి పేరును చుక్కలతో ఒక విధంగా, చుక్కలకు బదులు అదనపు అక్షరంతో ఒక విధంగా, రెండూ లేకుండా ఒక విధంగా వ్రాయవచ్చు. చదువరికి మూడూ ఒకటే. యంత్రానికి మాత్రం అవి మూడు వేర్వేరు ఇళ్ళు, ముగ్గురు వేర్వేరు యజమానులవి కావచ్చు.

ఉత్తరం పంపిన మనిషి ఎవరో కూడా ఈ కాపలాలు చెప్పవు. డొమైనును గుర్తిస్తాయి గాని వ్యక్తిని గుర్తించవు. తెలుగు సంఘం అధ్యక్షుని పేరు పెట్టుకొని ఎవరైనా ఉచిత ఈ-మెయిలు ఖాతా తెరిచి, అత్యవసరంగా బహుమతి కార్డులు కొని సంఖ్యలు పంపమని సభ్యులకు వ్రాస్తే, ఆ ఉత్తరం అన్ని పరీక్షలూ నెగ్గుతుంది. ఉచిత ఖాతా నిజమైనదే, అబద్ధమైనది పేరు మాత్రమే. చాలా ఫోన్లలో చిరునామా కనబడక పేరు మాత్రమే కనబడడం ఈ మోసానికి తోడ్పడుతున్నది.

గోప్యత కూడా వేరు విషయం. 2013 ఆగస్టులో డాయిచె టెలికామ్, జి.ఎం.ఎక్స్., వెబ్.డీ.ఈ. సంస్థలు తమ సర్వర్ల మధ్య ఉత్తరాలను సంకేతలిపిలో పంపుతామని ప్రకటించాయి. దానివలన దారిలో ఇతరులు చదవడం కష్టమవుతుంది. ఉత్తరం వ్రాసినవాడు నిజాయితీపరుడని మాత్రం దానివలన తేలదు.

ఇంత చిన్న లక్ష్యంతో ప్రయోజనమేమిటని అనిపించవచ్చు. ప్రయోజనం పెద్దదే. బ్యాంకు తన డొమైనుకు గట్టి డీమార్క్ నియమం పెట్టుకొంటే, ఆ నియమాన్ని పాటించే సర్వర్లవద్ద ఆ డొమైన్ పేరుతో దొంగ ఉత్తరం చదువరి పెట్టె దాకా రాకుండానే ఆగిపోతుంది. చదువరి ఏమీ నేర్చుకోనక్కరలేదు, ఏమీ నొక్కనక్కరలేదు. ఈ పద్ధతి విలువ అంతా ఇక్కడే ఉన్నది.

వాడుకరిని గురించిన ఊహలు

డి.కె.ఐ.ఎం. రూపకర్తలు ఒక జాగ్రత్త తీసుకొన్నారు. ముద్రను ఉత్తరం మధ్యలో పెట్టక, సామాన్యంగా కంటికి కనబడని శీర్షిక భాగంలో దాచారు. చదువరి దానిని చూసి కంగారుపడకూడదు, పాత ఈ-మెయిలు ప్రోగ్రాములు తికమకపడకూడదు అన్నది వారు స్పష్టంగా వ్రాసుకొన్న ఉద్దేశం. ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో అంతకు ముందరి అనుభవం చెప్పింది.

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేసిన పి.జి.పి. అనే ప్రోగ్రాము గణితశాస్త్రరీత్యా చాలా బలమైనది. ఉత్తరాన్ని సంకేతలిపిలోకి మార్చగలదు, వ్యక్తిగత సంతకం చేయగలదు. అదే ప్రమాణంపై జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ గ్నూ పి.జి. అనే స్వేచ్ఛా ప్రోగ్రామును వ్రాసి 1999లో తొలి పూర్తి రూపాన్ని విడుదల చేశారు. జర్మనీ ప్రభుత్వపు ఆర్థిక వ్యవహారాల మంత్రిత్వశాఖ దానికి సహాయం కూడా చేసింది. అయితే అదే 1999లో ఆల్మా విట్టెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు పన్నెండుమందికి పి.జి.పి. ఇచ్చి పరీక్షించారు. తొంభై నిమిషాల గడువులో ఉత్తరాన్ని సరిగా సంతకం చేసి సంకేతలిపిలో పంపగలిగినవారు మూడింట ఒక వంతే. రహస్యాన్ని పొరపాటున మామూలు భాషలోనే పంపినవారూ ఉన్నారు. వారు మందబుద్ధులు కారు. తాళం చెవుల సంగతి వాడుకరికి అర్థమవుతుందన్న ఊహే తప్పు.

రెండవ ఊహ, ప్రతివాడూ ఒకే చోటి నుండి ఉత్తరాలు పంపుతాడన్నది. 2014 ఏప్రిల్‌లో యాహూ సంస్థ, తన డొమైన్ పేరుతో ఇతర సర్వర్ల నుండి వచ్చే ఉత్తరాలను త్రిప్పికొట్టమని డీమార్క్ ద్వారా ప్రకటించింది. దొంగలను ఆపడమే ఉద్దేశం. కాని యాహూ చిరునామా ఉన్న లక్షలాదిమంది సభ్యులుగా ఉన్న చర్చాబృందాలు ఒక్కసారిగా చిక్కులో పడ్డాయి. చర్చాబృందపు సర్వరు ఒక సభ్యుని ఉత్తరాన్ని అందుకొని, విషయపంక్తిలో బృందం పేరు చేర్చి, అడుగున ఒక వాక్యం తగిలించి, మిగిలిన సభ్యులందరికీ పంపుతుంది. బంట్రోతు మారాడు కనుక ఎస్.పి.ఎఫ్. చెడింది. అక్షరాలు మారాయి కనుక ముద్ర చెడింది. నిజాయితీ గల ఉత్తరం దొంగ ఉత్తరంగా కనబడి వెనుకకు వచ్చింది. అదే నెలలో ఏ.ఓ.ఎల్. సంస్థ కూడా ఇదే మార్గం పట్టింది. ప్రవాసంలో ఉన్న సమాజాలు ఒకచోట కూడి మాట్లాడుకొనడానికి ఇటువంటి బృందాలే రచ్చబండలు. చదువుకొన్న విశ్వవిద్యాలయం ఇచ్చిన పాత చిరునామా నుండి కొత్త చిరునామాకు ఉత్తరాలు మళ్ళించుకొనేవారికీ ఇటువంటి ఇబ్బందే ఉన్నది. ఇటువంటి మధ్యవర్తుల కోసం 2019లో ఏ.ఆర్.సి. అనే ప్రయోగాత్మక నియమం వచ్చింది. చాలా చర్చాబృందాలు పంపినవారి చిరునామాకు బదులు తమ చిరునామానే పైన వేయడం మొదలుపెట్టాయి.

మూడవ ఊహకు ఉదాహరణ జర్మనీలోనే ఉన్నది. అక్కడి పార్లమెంటు 2011లో డీ-మెయిల్ చట్టం చేసింది. ఆ ఏడాది మే 3వ తేదీన అది అమలులోకి వచ్చింది. 2012 మార్చిలో తొలి సంస్థలకు అధికారం లభించింది. ప్రతి వాడుకరీ ముందుగా గుర్తింపు పత్రం చూపి నమోదు కావాలి. అప్పుడు పంపినవాని పేరు నూటికి నూరుపాళ్ళు నమ్మదగినది అవుతుంది, ప్రభుత్వ కార్యాలయాలు కాగితపు ఉత్తరాలు మానివేయవచ్చు అని ఆశించారు. లక్ష్యం గొప్పది. కాని డీ-మెయిల్ నుండి మామూలు ఈ-మెయిలుకు ఉత్తరాలు వెళ్ళవు. నమోదుకు శ్రమ పడాలి, ఉత్తరానికి రుసుము కట్టాలి. ప్రజలు ఇవన్నీ చేస్తారని ఊహించారు, ప్రజలు చేయలేదు. అవతలివారికి ఖాతా లేదు కనుక ఇవతలివారు తెరవలేదు, ఇవతలివారికి లేదు కనుక అవతలివారు తెరవలేదు. డాయిచె టెలికామ్ 2022 ఆగస్టు 31న తన డీ-మెయిల్ సేవను మూసివేసింది. వ్యక్తినే నిరూపించాలన్న పెద్ద లక్ష్యం నిలువలేదు. డొమైనును నిరూపించితే చాలునన్న చిన్న లక్ష్యం నిలిచింది. మొదటిది వాడుకరి అలవాట్లు మారితేనే పనిచేస్తుంది, రెండవది వాడుకరికి తెలియకుండానే పనిచేస్తుంది.

భాష తెలియనివారి సంగతి

ప్రవాసులకు అన్నిటికంటె ముఖ్యమైన ఊహ మరొకటి ఉన్నది. దొంగ ఉత్తరాన్ని గుర్తుపట్టడం ఎట్లా అన్న సలహాలలో చిరకాలంగా మొదటి స్థానంలో ఉన్నది, భాషలో తప్పులుంటే అనుమానించండి అన్నది. ఈ సలహా ఎవరికి ఉపయోగం? జర్మన్ భాషలో పుట్టి పెరిగినవారికి. విశేష్యానికి ముందు రావలసిన ఉపపదం తప్పయితే వారి చెవి పట్టేస్తుంది. మొన్ననే కరీంనగరం నుండియో కాకినాడ నుండియో వచ్చి, సాయంకాలపు తరగతిలో అదే ఉపపదాలను కంఠస్థం చేస్తున్న గృహిణికి తప్పయిన వాక్యమూ ఒప్పయిన వాక్యమూ ఒకే విధంగా కష్టంగా ఉంటాయి. పైగా ప్రభుత్వ కార్యాలయాల నిజమైన ఉత్తరాలలోని భాషే ఆమెకు బెదిరింపుగా తోచవచ్చు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఎవరైనా తప్పులేని జర్మన్ వ్రాయించుకొనగలరు కనుక, ఆ సలహా జర్మనులకు కూడా పనికిరాకుండా పోతున్నది.

దీనికి విపర్యయం కూడా ఉన్నది. ఉత్తరాలను వడపోసే కొన్ని ప్రోగ్రాములలో, ఫలానా భాషలు తప్ప మిగిలినవన్నీ అనుమానించు అని అమర్చుకొనే వీలున్నది. ఒక కార్యాలయంలో నిర్వాహకుడు జర్మన్, ఇంగ్లీషు తప్ప మరొక భాషలో ఉత్తరాలు ఎవరికి వస్తాయిలే అనుకొంటే, ఊరినుండి తండ్రి తెలుగు లిపిలో వ్రాసిన ఉత్తరం చెత్తబుట్టలో పడవచ్చు. ఇక్కడ తప్పు తండ్రిదీ కాదు, లిపిదీ కాదు.

లక్క ముద్రకు భాష అక్కరలేదు. ఉత్తరం తెలుగులో ఉన్నా, జర్మన్‌లో ఉన్నా, చదివేవారికి కంటిచూపు తగ్గినా, ఫోన్ చిన్నదైనా లెక్క ఒకటే. అందువలన ప్రామాణీకరణ భాష రానివారికి, వయసు మళ్ళినవారికి, కొత్తవారికి చేసే మేలు అందరికంటె ఎక్కువ. అయితే ఆ మేలు అందవలసింది పంపే సంస్థల చేతిమీదుగా. అవి తమ డొమైనుకు నియమం ప్రకటించకపోతే, లేదా ఏళ్ళ తరబడి నివేదిక మాత్రమే పంపమనే దశలో ఉండిపోతే, భారమంతా తిరిగి చదువరి కళ్ళమీదనే పడుతుంది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు తమ వాడుకరులకు పెద్ద సంఖ్యలో ఉత్తరాలు పంపేవారు ఈ మూడు కాపలాలూ పెట్టుకొనాలని పట్టుబట్టాయి. 2025లో మైక్రోసాఫ్ట్ తన ఉచిత ఖాతాల విషయంలో అదే చేసింది. బాన్ నగరంలో ఉన్న జర్మనీ సమాచార భద్రతా కార్యాలయం బి.ఎస్.ఐ. కూడా ఈ విషయమై సాంకేతిక మార్గదర్శకాలు వెలువరించి, పరిశ్రమ సంఘాలతో కలిసి 2025వ సంవత్సరాన్ని ఈ-మెయిలు భద్రతా సంవత్సరంగా జరిపింది.

సంఘాలు, కుటుంబాలు చేయదగినవి

సొంత డొమైన్ ఉన్న ప్రతి తెలుగు సంఘమూ ఈ మూడు కాపలాలను అమర్చుకొనవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. ముందు సంఘం పేరుతో ఉత్తరాలు ఎక్కడెక్కడి నుండి వెళుతున్నాయో జాబితా వ్రాసుకొనాలి. కార్యదర్శి ఫోను, ఉగాది ఆహ్వానాలు పంపే సేవ, చందాల రశీదులిచ్చే సేవ, టిక్కెట్లు అమ్మే సేవ అన్నీ అందులో ఉండాలి. తరువాత డీమార్క్‌ను నివేదిక దశలో పెట్టి కొన్ని వారాలు గమనించాలి. మరచిపోయిన దారి ఏదైనా ఉంటే నివేదికలలో బయటపడుతుంది. అటుపైన అనుమానపు పెట్టెకు, చివరకు త్రిప్పిపంపడానికి మారాలి. ఒకేసారి చివరి మెట్టు ఎక్కితే సంఘం ఉత్తరాలే సభ్యులకు అందకుండా పోవచ్చు. అధ్యక్షుని సొంత ఉచిత చిరునామా పెట్టి వేరొక సేవ ద్వారా వందలమందికి పంపే అలవాటు మానుకొనడం మంచిది. యంత్రం కంటికి అది దొంగ ఉత్తరం చేసే పని వంటిదే.

కుటుంబాలకు ఒక్క నియమం చాలును. డబ్బు, రహస్య సంఖ్య, గుర్తింపు పత్రం అడిగే ఉత్తరంలోని లంకెను నొక్కక, ఆ సంస్థ చిరునామాను తామే వ్రాసుకొని వెళ్ళడం, లేదా పాత కాగితం మీదనో బ్యాంకు కార్డు మీదనో ఉన్న నంబరుకు ఫోన్ చేయడం. దీనికి భాషాపాండిత్యంతో పనిలేదు. అనుమానం కలిగిన ఉత్తరాన్ని నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రపు వినియోగదారుల కేంద్రానికి పంపవచ్చు. అటువంటి ఉత్తరాలను పరిశీలించి కొత్త మోసాలను గురించి ప్రజలను హెచ్చరించడం ఆ కేంద్రం చేస్తున్న పనులలో ఒకటి. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకొనక వెంటనే బ్యాంకుకు, పోలీసులకు తెలపడం అవసరం. వారు తెలివితక్కువవారు కావడం వలన మోసపోలేదు. నలభై ఏళ్ళ క్రితం అందరూ ఒకరికొకరు తెలిసిన చిన్న ఊరికోసం వ్రాసిన నియమాలు ఈనాడు ప్రపంచమంతటికీ వర్తిస్తున్నందువలన మోసపోయారు.